తూటా: ఇంటి పని, ఫ్యాక్టరీ పని

(మందుగుండు కథ – 17వ భాగం)

1776 జులై 9 సాయంత్రం న్యూయార్క్‌లో ఉన్న జార్జ్ వాషింగ్టన్ సైన్యానికి స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించారు. విన్నవాళ్లు ఊరుకోలేదు. బౌలింగ్ గ్రీన్‌కు పోయి, అక్కడ గుర్రమెక్కి కూర్చున్న మూడో జార్జి రాజు విగ్రహానికి తాళ్లు కట్టి కిందికి లాగేశారు. లండన్ శిల్పి జోసెఫ్ విల్టన్ పోతపోసిన విగ్రహం. నిలబెట్టి ఆరేళ్లే. పైకి బంగారు పూత, లోపలంతా సీసం. సీసం కాబట్టే దాని కథ అక్కడితో అయిపోలేదు. ముక్కల్లో చాలా భాగాన్ని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరికి, ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేర్చారు.

అక్కడ రాజుగారిని కరిగించి గుళ్లు పోశారు. ఆ పని చేసింది సైనికులు కాదు. వోల్కాట్ పిల్లలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు. ఎవరెన్ని తూటాలు చేశారో వోల్కాట్ కాగితం మీద రాసిపెట్టాడు. పెద్దకూతురు లారా 8,378. పట్టుమని పన్నెండేళ్లు లేని మేరీ ఆన్ 10,790, అంటే అక్కను మించింది. పదేళ్లు నిండని ఫ్రెడరిక్ 936 చేసి ఆపేశాడు. ఆడుకోవడానికి పోయి ఉంటాడు. పొరుగింటి మార్విన్ వారమ్మాయి రూత్ అందరికంటే ఎక్కువగా 11,592 చేసింది, ఆ ఇంటావిడ మిసెస్ మార్విన్ 6,058. తక్కినవాళ్లు చేసినవి కూడా చేర్చి, అంతా కలిపి 42,088.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇంట్లో తూటాలు నింపుకోవడం అనగానే ఇప్పుడు మనకు రెండే తోస్తాయి. ఒకటి నేరం, రెండోది అమెరికావాళ్ల పిచ్చి. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ చరిత్రలో వరస వేరు. తుపాకీ పుట్టిన దగ్గర్నుంచి కొన్ని వందల ఏళ్లపాటు తూటా ఇంటి పనే. ఫ్యాక్టరీ వచ్చింది నిన్నమొన్న. వచ్చాక కూడా యుద్ధం ముంచుకొచ్చినప్పుడల్లా మామూలు కొనుగోలుదారుకు చేతులెత్తేసింది. అలా ఎత్తేసిన ప్రతిసారీ పని మళ్లీ ఇంటికే చేరింది.

పాత తుపాకుల సంగతి తెలిస్తే ఇందులో వింతేమీ ఉండదు. ఒక గొట్టం ఇంకో గొట్టంలా ఉండేది కాదు. అందుకే తుపాకీ అమ్మినవాడు దాని గొట్టానికి సరిపోయే గుళ్ల అచ్చు కూడా ఇచ్చేవాడు. సీసం తక్కువ వేడికే కరుగుతుంది, పొయ్యి మీద ఇనుప గరిటె చాలు. మందు ఒక కొమ్ములో, రంజకం ఇంకో చిన్న కొమ్ములో, గుళ్లు తోలు సంచిలో. మన మన్యంలో మొన్నమొన్నటిదాకా కనిపించిన నాటు తుపాకీ సరంజామా కూడా ఇదే.

ఈ పద్ధతిని అందంగా వాడుకున్నవాడు మెరివెదర్ లూయిస్. పసిఫిక్ సముద్రం దాకా దారి కనుక్కోమని జెఫర్సన్ పంపిన లూయిస్–క్లార్క్ యాత్ర 1804లో బయలుదేరింది. రెండేళ్లకు పైగా నదుల్లోనూ కొండల్లోనూ తిరగాలి. మందు తడిసిందంటే తిండి ఉండదు. లూయిస్ మందును చెక్కపీపాల్లో కాక సీసపు డబ్బాల్లో పోయించాడు. మొత్తం 52 డబ్బాలు. ఒక్కోదాంట్లో 4 పౌండ్ల మందు, డబ్బా బరువు 8 పౌండ్లు. మందు అయిపోగానే డబ్బాను కరిగించి గుళ్లు పోసుకుంటే, ఆ మందుకు ఆ గుళ్లు సరిగ్గా సరిపోతాయి. పారేసేది ఏమీ లేదు. 1806 ఫిబ్రవరి 1న పసిఫిక్ ఒడ్డున ఫోర్ట్ క్లాట్‌సాప్‌లో మిగిలిన డబ్బాలన్నీ విప్పి చూశారు. 35 చెక్కుచెదరలేదు. ఇంకో అయిదు కాస్త దెబ్బతిన్నాయి. వాటిలో ఒకదాంట్లోకి మేకు దిగి మందు తడిసింది. ఆ 35 ఎన్నోసార్లు నీళ్లలో మునిగి తేలినా లోపలి మందు బయలుదేరిన నాడు ఉన్నట్టే పొడిగా ఉంది. ఈ కథలో నాకు బాగా నచ్చిన వస్తువు ఏదంటే ఈ సీసపు డబ్బాయే.

1857 సిపాయి తిరుగుబాటు సంగతి గత రెండు భాగాల్లో చెప్పుకున్నాం కాబట్టి వివరాల్లోకి మళ్లీ పోను. మీరట్‌లో 85 మంది సవార్లు తూటాలు ముట్టబోమన్నదీ, జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడిచిందీ చదివారు కదా. అప్పుడు చెప్పకుండా దాచిన ముక్క ఒకటుంది. గొడవ మొదలవుతుండగానే, జనవరి ఆఖరులో, సర్కారు ఒక సర్దుబాటు చేసింది. తూటాలు కొవ్వు పూయకుండానే ఇస్తాం, మీకు నచ్చిన నూనో మైనమో బజార్లో మీరే కొనుక్కొచ్చి మీ చేత్తో మీరే పూసుకోండి అని. అంటే తూటాను మళ్లీ సిపాయి చేతికి అప్పగించడమే. అప్పటికే ఆలస్యమైంది. ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలియని తూటాను నోట పెట్టుకోమన్నప్పుడు పుట్టిన అనుమానం ఉత్తర్వుతో పోలేదు.

ఈలోగా తూటా స్వరూపమే మారిపోతోంది. స్కాట్లండ్‌లో బెల్‌హెల్వీ చర్చి పాస్టర్ అలెగ్జాండర్ ఫోర్‌సైత్ 1807లో పేటెంట్ తీసుకున్న ఫల్మినేట్ మందు చెకుముకి రాయిని సాగనంపింది. దెబ్బ తగిలితే చాలు, నిప్పు పుడుతుంది. దాన్ని రాగి టోపీలో పెట్టారు, ఆ తర్వాత తూటా అడుగునే బిగించారు. 1850ల నుంచి 1860ల లోపల కాగితం పోయి లోహం వచ్చింది. లోహపు తూటాను ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని చేయలేం. రేకును మరల మీద సాగదీసి గొట్టం చేయాలి. తూటా ఇల్లు వదిలి ఫ్యాక్టరీకి వెళ్లింది ఇక్కడే.

కానీ పోతూపోతూ ఒక వస్తువును వదిలిపెట్టింది. లోహపు తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలాక మూడు పోతాయి, తొడుగు మిగులుతుంది. నాలుగింట్లో ఖరీదైనదీ అదే. చేతిలో వెచ్చగా ఉన్న ఆ ఇత్తడిని పారేయాలా, దాచాలా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

జవాబు ప్రైమర్ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ 1857లో తెచ్చిన చిన్న .22 తూటాలో పేలుడు మందు అంచు మడతలోనే ఉంటుంది. తుపాకీ సుత్తి ఆ అంచును నలిపేస్తుంది. ఒకసారి నలిగిందంటే దాని పని సరి. ప్రైమర్‌ను విడిగా, అడుగున నట్టనడుమ కూర్చోబెడితే మాత్రం పాతది తీసి కొత్తది పెట్టొచ్చు. ఈ పద్ధతికి రెండు రూపాలు 1866 ప్రాంతంలో ఒకేసారి వచ్చాయి. అంతర్యుద్ధంలో గురిగాళ్ల దళాన్ని నడిపిన అమెరికన్ కల్నల్ హైరమ్ బెర్డన్‌ది ఒకటి, ఇంగ్లండ్ వూలిచ్‌లోని రాయల్ లేబొరేటరీ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్‌ది ఇంకొకటి.

తేడా చెప్పడానికి చిన్నదే. ప్రైమర్ నలగాలంటే అడుగున గట్టి దిమ్మె ఒకటి ఉండాలి. బెర్డన్ ఆ దిమ్మెను తొడుగులోనే మలిచి, నిప్పు లోపలికి పోవడానికి దాని పక్కన రెండు సన్నటి రంధ్రాలు పెట్టాడు. బాక్సర్ దిమ్మెను ప్రైమర్‌లోనే ఇమిడ్చాడు, తొడుగుకు నడిమధ్యన ఒకటే రంధ్రం మిగిలింది. ఆ ఒక్క రంధ్రంలోంచి చీల దింపితే పాత ప్రైమర్ ఊడి పడుతుంది. బెర్డన్ తొడుగులో చీల దూరడానికి దారే లేదు. ఇక్కడ చరిత్ర చేసిన చిలిపి పని ఏమిటంటే, అమెరికన్ కనిపెట్టింది యూరప్‌లో స్థిరపడింది, ఇంగ్లీషువాడిది అమెరికాకు చేరింది. అమెరికాలో ఇంటింటా తొడుగులు మళ్లీ నింపే రీలోడింగ్ బల్లలు వెలిసి, యూరప్‌లో అంతగా వెలవకపోవడానికి చట్టాలూ అలవాట్లూ ఎంత కారణమో, ఈ ఒంటి రంధ్రమూ అంతే కారణమని నా అభిప్రాయం.

దీన్ని మొదట గుర్తించినవాళ్లు దున్నపోతుల వేటగాళ్లు. అమెరికా మైదానాల్లోని అడవి దున్న తోలు పదును చేసే పద్ధతి 1871 ప్రాంతంలో కుదిరింది. మరుసటేడు శాంటాఫే రైలు డాడ్జ్ సిటీకి చేరింది. తోలు కొనేవాళ్లు వచ్చారు, తీసుకుపోవడానికి రైలుంది, ఇక కావలసింది చంపేవాళ్లు. షార్ప్స్ కంపెనీ బరువైన రైఫిల్ ఒకటి పట్టుకుని, ఒకడు కాలుస్తుంటే ఇద్దరు ముగ్గురు తోలు ఒలిచేవాళ్లు. గాలికి ఎదురుగా పడుకుని, మందలో పెద్దదాన్ని ముందు పడగొడితే తక్కినవి పారిపోకుండా అక్కడే బిక్కచచ్చి నిలబడేవి. ఒకచోటే డజన్ల కొద్దీ కూలేవి. గొట్టం కాలిపోతే నీళ్లు పోసి చల్లార్చేవాళ్లు.

అంత కాల్పులకు ఫ్యాక్టరీ తూటాలు కొంటే తోలు మీద లాభం తూటాలకే పోతుంది. పైగా దుకాణం ఎక్కడో వంద మైళ్ల అవతల ఉంటుంది. అందుకని మందు పీపాలుగా, సీసం కడ్డీలుగా, ప్రైమర్లు డబ్బాలుగా కొని బండిలో వేసుకునేవాళ్లు. పగలు కాల్చిన తొడుగులన్నీ ఏరి, రాత్రి మంట దగ్గర కూచుని నింపేవాళ్లు. ఒకడు సీసం కరిగిస్తుంటే ఇంకొకడు మందు కొలిచి పోస్తుండేవాడు. నిప్పుకు ఒక పక్క మందు పీపా, ఇంకో పక్క సీసం గరిటె! ఎన్ని గుడారాలు లేచిపోయాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఈ దృశ్యాన్ని పొదుపు అనీ స్వయంకృషి అనీ మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలు అమెరికాలో కొల్లలు. నాకు అంత మెచ్చాలనిపించదు. తొడుగు మళ్లీ నింపుకునే వీలు లేకపోతే ఆ వేట అంత చవగ్గా సాగేది కాదు. 1883–84 చలికాలం నాటికి మందలు లేవు, వాటినే నమ్ముకుని బతికిన కొమాంచీ, సూ తెగలకు తిండి లేదు. 1889లో విలియం హార్నడే లెక్క తీస్తే ఖండం మొత్తానికి మిగిలినవి వెయ్యికి కాస్త అటూ ఇటూ. చవక తూటా ఖరీదు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కట్టారు.

వేట అయిపోయాక నింపుడు సామాను ఊళ్లలోకి వచ్చింది. 1884లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ కంపెనీ పెట్టాడు. ఆయన తెచ్చిన పనిముట్టు చూస్తే మనవాళ్లకు నవ్వొస్తుంది, అచ్చం పెద్ద అడకత్తెర. రెండు పిడులు, వాటి మధ్య తొడుగు పట్టే గుంటలు. ఒక గుంటలో పాత ప్రైమర్ తోసి, ఇంకోదాంట్లో కొత్తది నొక్కి, మూతి సరిచేసి, గుండు కూర్చోబెట్టే ఏర్పాటు. కొన్ని రకాలకు గుళ్ల అచ్చు కూడా పిడుల చివరే ఉండేది. జేబులో పట్టేంత సామాను. దానితోపాటు బార్లో ఒక కరదీపిక కూడా అచ్చు వేయించాడు. పనిముట్టు కంటే ఆ పుస్తకమే ముఖ్యమైందని తర్వాత తేలింది. కంపెనీ 1910లో మార్లిన్ చేతికి, 1925లో లైమన్ చేతికి పోయినా అడకత్తెర మాత్రం దశాబ్దాలపాటు అలాగే అమ్ముడుపోయింది. అమెరికా సైన్యం కూడా 1880ల్లో గురి అభ్యాసానికి డబ్బు చాలక ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ చేత నింపుడు సామాను చేయించి దండులకు పంపింది. సర్కారు ఖజానా దగ్గర కూడా ఇంటి పొదుపే.

పుస్తకం ఎందుకు ముఖ్యమైందంటే, మందు మారింది. 1884లోనే ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగ రాని మందు తయారు చేశాడు. పాత నల్లమందుకు ఒక మంచి గుణం ఉండేది. తొడుగు నిండా పోస్తే సరి, ఇంకా పోద్దామన్నా చోటుండదు. కొత్త మందు అలా కాదు. కొంచెం పోస్తేనే అంత బలం, తొడుగు నిండా పోస్తే తుపాకీ పగులుతుంది. అంతకుముందు తాత చెప్పింది తండ్రి, తండ్రి చెప్పింది కొడుకు చేస్తే చాలు. ఆ వరస ఇక్కడ తెగింది. పాత కొలతతో కొత్త మందు పోసినవాళ్లు వేళ్లూ కళ్లూ పోగొట్టుకున్నారు. అప్పటినుంచి ఇంటి పనికి కూడా లేబొరేటరీ పట్టిక కావాల్సి వచ్చింది. తూటా ఇంటికి తిరిగొచ్చింది కానీ, తెలివి ఫ్యాక్టరీలో ఉండిపోయింది.

ఇంకో చిక్కు ఎవరికీ ముందు అర్థం కాలేదు. కొత్త మందుతో కాల్చిన తొడుగులు మళ్లీ నింపితే పెళుసుబారి చీలిపోయేవి. నిందంతా మందు మీద పడింది. అసలు దోషి ప్రైమర్. ఫల్మినేట్‌లో ఉండే పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని చెడగొడుతోంది. నల్లమందు రోజుల్లో బోలెడంత మసి మిగిలేది కాబట్టి పాదరసం ఆ మసిలో కలిసిపోయేది, మసి పోవడంతో దాని గుట్టు బయటపడింది. పాదరసం తీసేసి వాడిన క్లోరేట్ ప్రైమర్లు ఇత్తడిని వదిలేసి గొట్టాన్ని పట్టుకున్నాయి. కాల్చాక ఉప్పులాంటి పొర మిగిల్చి, గాలిలో తేమ లాగి, తెల్లారేసరికి తుప్పు పట్టించేవి. 1920ల ఆఖరులో సీసపు స్టిఫ్‌నేట్ ప్రైమర్లు బజారుకు వచ్చేదాకా ఈ బాధ తప్పలేదు.

సరిగ్గా ఈ కాలంలో మన దేశంలో కథ అవతలి దిక్కుకు నడిచింది. 1857 తర్వాత తెల్లవాళ్లకు తుపాకీ కంటే తూటా మీదే దృష్టి. 1878 ఆయుధాల చట్టం భారతీయుడి చేతిలోని తుపాకీకీ మందుకూ లైసెన్సు పెట్టి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. వాయవ్య సరిహద్దులో దర్రా ఆదంఖేల్ కమ్మరులు కాల్చిపారేసిన తొడుగును మళ్లీ తూటా చేయడంలో ఆరితేరారు. అక్కడ కిందపడ్డ ఇత్తడి అంటే శత్రువుకు ఇచ్చిన సరుకే.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. మన పుస్తకాలు తుపాకుల సంఖ్య దగ్గర ఆగి చప్పట్లు కొడతాయి. అసలు చూడవలసింది తూటాల సంఖ్య. గుండు ఊళ్లో పోసుకునే నాటు తుపాకీ వదిలి సర్కారు రైఫిల్ పట్టిన రోజున, దళం తెలియకుండానే సర్కారు ఫ్యాక్టరీ మీద ఆధారపడింది. ఒక్కో తుపాకీకి వంద చొప్పున కూడా లేవు. అవి అయిపోతే మళ్లీ ఏదో ఒక స్టేషన్ మీదే పడాలి. అక్టోబరులో అడ్డతీగల స్టేషన్ మీద పడితే ఆయుధాలు దొరకలేదు. పోరాటం 1924 మే దాకా సాగిందంటే, అది ఆ కొద్దిపాటి తూటాల బలంతో కాదు.

స్వతంత్రం వచ్చాక చేసిన 1959 ఆయుధాల చట్టంలో తూటా అంటే తూటా ఒక్కటే కాదు, దాని విడిభాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ కూడా. బార్లో అడకత్తెర ఇక్కడ లైసెన్సు లేకుండా పెట్టుకుంటే అదే నేరం. ఎన్‌సీసీలో ఫైరింగ్‌కు వెళ్లినవాళ్లకు ఈ చట్టం ఇంకో రూపంలో గుర్తుండే ఉంటుంది. చాపమీద పడుకుని .22 రైఫిల్‌తో కాల్చడం అయిదు నిమిషాల పని, గడ్డిలో ఖోకాలు, అంటే ఖాళీ తొడుగులు, వెతకడం అరగంట పని. ఒక్కటి తగ్గినా హవల్దారు కదలనివ్వడు. ఇందాక చెప్పినట్టు .22 అంచు నలిగాక దాన్ని మామూలుగా ఎవరూ నింపలేరు. నింపలేని దాన్ని కూడా లెక్కపెట్టించే భయం సరిహద్దు కొండల నుంచి కాలేజీ గ్రౌండు దాకా వచ్చింది.

మళ్లీ అమెరికాకు వస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి ఇత్తడి, సీసం, రాగి మొత్తం సైన్యానికి పోయింది. వేటగాడికి దుకాణంలో తూటా లేదు, నింపుకుందామంటే గుండు లేదు. అమెరికన్ రీలోడింగ్‌లో ఇవాళ వినిపించే పెద్ద పేర్లలో సగం ఈ కరువులో పుట్టినవే. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ తండ్రికి లాండ్రీ దుకాణం ఉండేది. దాని వెనక గదిలో 1943లో ఫ్రెడ్ ఒక అచ్చు తయారుచేశాడు. రాతిగుట్టల్లో పంటకూ గడ్డికీ చెరుపు చేసే రాక్ చక్ అనే ఉడుత జాతి జంతువును కొట్టడానికి గుళ్లు చేసుకునే అచ్చు అది. రాక్ చక్ బులెట్ స్వేజ్ అని పేరు పెట్టాడు. ఆర్‌సీబీఎస్ అన్న కంపెనీ పేరులోని నాలుగక్షరాల వెనక ఉన్నది ఆ జంతువే.

గుండుకు పైతొడుగు రాగి ఎక్కడ దొరికింది? ఎవరికీ పనికిరాని .22 ఖాళీ తొడుగుల్లో. అంచు నలిగి చచ్చిన ఆ చిన్న గొట్టాన్ని అచ్చులో నొక్కి సరిచేసి, లోపల సీసం పెట్టి మూస్తే పెద్ద తూటాకు గుండు తయారు. తర్వాత ఐడహోలోని లూయిస్టన్‌లో స్థిరపడిన వెర్నన్ స్పియర్ ఇదే పద్ధతితో వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయనతో మొదట్లో కలిసి పనిచేసిన జాయిస్ హోర్నడీ, యుద్ధకాలంలో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలండ్ మందుగుండు ఫ్యాక్టరీ కాపలావాళ్లకు గురి నేర్పినవాడు, 1949లో అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. నింపడానికి పనికిరాదని అందరూ వదిలేసిన దాన్ని గుండుకు చొక్కాగా మార్చడం, ఈ మొత్తం కథలో లూయిస్ డబ్బా తర్వాత తలలో మెరిసిన రెండో మంచి ఆలోచన.

మందు సంగతి బ్రూస్ హాజ్‌డన్ చూశాడు. కాన్సస్‌లో గ్యాస్ కంపెనీ సేల్స్‌మన్. యుద్ధం అయిపోగానే సైన్యం దగ్గర రైఫిల్ మందు గుట్టలుగా మిగిలింది. తగలబెట్టడం తప్ప దాన్ని ఏం చేయాలో వాళ్లకు తోచలేదు. హాజ్‌డన్ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చి 50,000 పౌండ్లు కొనేశాడు. పెట్టుకోవడానికి చోటు లేక పచ్చిక బీట్లో పాత రైలు పెట్టె ఒకటి దింపించి అందులో పోశాడు. 1947లో పత్రికలో చిన్న ప్రకటన వేశాడు. ఆర్డర్లు ఇంటికే వచ్చేవి, బళ్లోకి పోతూపోతూ కొడుకులు పార్సిళ్లు దింపి వచ్చేవాళ్లు. యుద్ధంలో 30 క్యాలిబర్ గరాండ్ రైఫిల్‌కు వాడిన 4895 రకం మందు అలా జింకల వేటకు పోయింది. ఆ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు, కాకపోతే కొత్తగా చేసింది.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు ఈ పనికి స్వర్ణయుగం. ఐడహో రాంచర్ ఎల్మర్ కీత్ పేరు ఇక్కడ చెప్పకపోతే కోపగించేవాళ్లుంటారు. 1925లోనే తన చేతిలో రివాల్వర్ పగిలిపోయిన వైనం పత్రికలో రాసినవాడు, ఆ తర్వాత కూడా బుద్ధిగా ఉండలేదు. ఇంట్లో ఆయన నింపిన బలమైన తూటాల పోరు పడలేకే స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి 1955లో .44 మాగ్నమ్ తెచ్చాయి. ఇంటి బల్ల ఫ్యాక్టరీకి పాఠం చెప్పిన అరుదైన సందర్భం. 1958లో విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ చేతిలో పట్టే చవక కిట్ తెచ్చాక, జీతగాడి గ్యారేజీలోకి కూడా ఈ పని ప్రవేశించింది. 1968 తుపాకుల చట్టం అక్కడ కూడా తొడుగు, ప్రైమర్, గుండు, మందు అన్నీ తూటా కిందికే వస్తాయని నిర్వచించింది. మన చట్టం లాంటి మాటలే. కానీ అమ్మకానికి చేసేవాడికే కేంద్ర లైసెన్సు కావాలి, తనకోసం నింపుకునేవాడికి అక్కర్లేదు. రాష్ట్రాల నియమాలు వేరు.

ఇవాళ నింపేవాళ్లలో పొదుపు కోసం చేసేవాళ్లు కొందరే. ఎక్కువమందిది గురి పిచ్చి. ఫ్యాక్టరీ తూటా లక్ష తుపాకులకు సరిపడేలా చేస్తుంది, వీళ్లకు తమ ఒక్క తుపాకీకి సరిపడేది కావాలి. పాతకాలపు గుళ్ల అచ్చు చేసిన పని కూడా ఇదే. డబ్బు మిగలదని వాళ్లే ఒప్పుకుంటారు, మిగిలినదానితో ఇంకాసిని కాలుస్తారు కాబట్టి.

ఇంత చేసినా ఇంట్లో సాధ్యం కానిది ఒకటి మిగిలిపోయింది. తొడుగు ఏరుకోవచ్చు, గుండు పోసుకోవచ్చు. ప్రైమర్ మాత్రం కొనాల్సిందే. అమెరికాలో దాన్ని పెద్దఎత్తున చేసేవి నాలుగు: లూయిస్టన్‌లో డిక్ స్పియర్, ఆర్విడ్ నాన్స్ 1951లో పెట్టిన సీసీఐ, మిన్నెసోటాలోని ఫెడరల్, ఆర్కన్సాలోని రెమింగ్టన్, ఇంకా వించెస్టర్. 2020లో కోవిడ్, అల్లర్లు, ఎన్నికలు ఒక్కసారే వచ్చి తుపాకుల అమ్మకాలు పెరిగాయి. ఫ్యాక్టరీలు ప్రైమర్లన్నీ తమ తూటాలకే వాడుకున్నాయి. గ్యారేజీల్లో ఇత్తడి గుట్టలు ఉన్నాయి, సీసం ఉంది, మందు ఉంది, బల్ల ఖాళీగా ఉంది. అదే ఏడు రెమింగ్టన్ దివాలా తీసింది. దాని తూటాల వ్యాపారాన్ని 8 కోట్ల డాలర్ల పైచిలుకుకు కొన్న విస్టా ఔట్‌డోర్ చేతిలో అప్పటికే సీసీఐ, ఫెడరల్ ఉన్నాయి. నాలుగింట్లో మూడు ఒక్కరివే అయ్యాయి. 2024 నవంబరులో ఆ మూడింటినీ కలిపి 220 కోట్ల డాలర్లకు పైగా పోసి చెకోస్లోవాక్ గ్రూప్ కొనేసింది. దాని ప్రధాన కార్యాలయం ప్రాగ్‌లో ఉంది.

(ఇంకా ఉంది)